ఎస్‌పిఆర్ చిప్ మీద ఎంజైమ్ రియాక్షన్ చూడటం ఎలా: ట్రిప్సిన్, జెలటిన్‌తో మొదటి ప్రయోగం

హబ్సిగూడ, తార్నాక నుంచి గచ్చిబౌలి, శామీర్‌పేట దాకా ల్యాబుల్లో పనిచేసే జూనియర్లు ఎస్‌పిఆర్ (సర్ఫేస్ ప్లాస్మాన్ రెజొనెన్స్) యంత్రం గురించి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది: "బైండింగ్ (ఒక అణువు ఇంకోదాన్ని పట్టుకోవడం) చూడటం నేర్చుకున్నాం. ఎంజైమ్ పంపితే మాత్రం తెర మీది సిగ్నల్ గీత పైకి వెళ్లకుండా కిందికి జారిపోతోంది. చిప్ పాడైందా?" చాలాసార్లు చిప్‌కి ఏమీ అయి ఉండదు. మీరు చూస్తున్నది రియాక్షనే కావచ్చు. కానీ గీత పడిపోయినంత మాత్రాన అది రియాక్షన్ అని రాసేయకూడదు. సరిగ్గా అంటుకోని ప్రొటీన్ ఊడిపోయినా, బఫర్ తేడా వచ్చినా, గది చల్లదనం మారినా గీత అలాగే పడుతుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ తేడా పట్టుకోవడం గురించే.

సిద్ధాంతం అవసరమైనంత వరకే చెప్తాను. ఎస్‌పిఆర్ చిప్ అంటే గాజు మీద సుమారు 50 నానోమీటర్ల మందం ఉన్న బంగారు పొర. గాజు వైపు నుంచి కాంతి పడుతుంది, బంగారం వైపు బఫర్ పారుతుంది. బంగారం దగ్గర ప్రొటీన్ చేరినా, అక్కడి నుంచి పోయినా, తిరిగొచ్చే కాంతి బాగా తగ్గిపోయే కోణం కాస్త జరుగుతుంది. యంత్రం ఆ జరుగుదలని ఆర్‌యూల్లో (రెస్పాన్స్ యూనిట్లలో) చూపిస్తుంది. ప్రొటీన్లకైతే 1 ఆర్‌యూ అంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 1 పికోగ్రాము. బంగారం నుంచి రెండు మూడు వందల నానోమీటర్ల లోపు జరిగేదే యంత్రానికి కనిపిస్తుంది. ఎంజైమ్ కోసిన ముక్క ప్రవాహంలో కొట్టుకుపోతే ఆ మేరకు సిగ్నల్ తగ్గుతుంది. రంగు మార్చే పదార్థం, ఫ్లోరసెంట్ లేబుల్ ఏవీ అక్కర్లేదు.

అన్ని ఎంజైములకూ ఇది పనికిరాదు. చిప్ మీద ఉన్న పదార్థం బరువు గణనీయంగా తగ్గాలి లేదా పెరగాలి. ప్రొటీయేజులు (ప్రొటీన్లని కోసేవి), న్యూక్లియేజులు (డీఎన్ఏ, ఆర్‌ఎన్ఏలని కోసేవి) బాగా కనిపిస్తాయి. డీఎన్ఏ పొడిగించే పాలిమరేజ్ అయితే గీత పైకి వెళ్తుంది. లాక్టేట్‌ని పైరువేట్‌గా మార్చే ఎంజైమ్‌ని తీసుకుని రావద్దు. రెండు అణువుల బరువూ దాదాపు ఒకటే కాబట్టి మీకు ఏమీ కనిపించదు. దానికి మామూలు స్పెక్ట్రోఫొటోమీటరే మేలు. కైనేజ్ కలిపే ఫాస్ఫేట్ కూడా చాలా చిన్నది, దాన్ని గుర్తుపట్టే యాంటీబాడీని తర్వాత పంపితే తప్ప తేలదు.

మొదటి ప్రయోగానికి చిప్ మీద జెలటిన్, ప్రవాహంలో ట్రిప్సిన్ అనే ప్రొటీయేజ్ పెట్టుకోమంటాను. రెండూ చవక, దొరుకుతాయి, రియాక్షన్ నిమిషాల్లో కనిపిస్తుంది. మీ ల్యాబులో యంత్రం లేకపోతే ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఏ సంస్థ దగ్గర ఉందో వెతికి స్లాట్ బుక్ చేసుకోవచ్చు.

కావలసినవి

- కనీసం రెండు ఛానళ్లున్న ఎస్‌పిఆర్ యంత్రం.
- కార్బాక్సిమిథైల్ డెక్స్‌ట్రాన్ చిప్. డెక్స్‌ట్రాన్ లేని చదును కార్బాక్సిల్ చిప్ దొరికితే ఎంజైమ్ పనికి అదే మంచిది, కాకపోతే దాని మీద జెలటిన్ తక్కువ ఎక్కుతుంది.
- జెలటిన్ టైప్ ఎ. టైప్ బి వద్దు, కారణం కింద ఉంది.
- ట్రిప్సిన్ పొడి, కరిగించడానికి 1 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం.
- సోయాబీన్ ట్రిప్సిన్ ఇన్హిబిటర్ (ట్రిప్సిన్ పనిని ఆపేది).
- ఇడిసి, ఎన్‌హెచ్‌ఎస్ (ప్రొటీన్‌ని చిప్‌కి అతికించే రసాయనాలు), పీహెచ్ 8.5 ఉన్న 1 మోలార్ ఇథనాలమిన్.
- 10 మిల్లీమోలార్ సోడియం ఎసిటేట్, పీహెచ్ 5.0, 5.5 రెండూ.
- రన్నింగ్ బఫర్: 10 మిల్లీమోలార్ హెపిస్, 150 మిల్లీమోలార్ ఉప్పు, 2 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్, 0.05 శాతం ట్వీన్-20, పీహెచ్ 7.8.
- 0.22 మైక్రాన్ ఫిల్టర్లు, బాప్నా (ట్రిప్సిన్ కోస్తే పసుపు రంగునిచ్చే పదార్థం), 405 నానోమీటర్ల దగ్గర చదివే ప్లేట్ రీడర్.

బఫర్ గురించి రెండు మాటలు. బైండింగ్ ప్రయోగాలకి అందరూ వాడే రెడీమేడ్ బఫర్‌లో 3 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉంటుంది. ట్రిప్సిన్ నిలకడగా ఉండటానికి కాల్షియం కావాలి, ఈడీటీఏ దాన్ని లాగేస్తుంది. జింక్ మీద ఆధారపడే ఎంజైములకైతే ఇంకా ప్రమాదం. అలమారలో సీసా ఉంది కదా అని తీసుకోకండి, లేబుల్ చదవండి. రెండోది, కాల్షియం వేస్తున్నప్పుడు ఫాస్ఫేట్ బఫర్ వాడొద్దు. కాల్షియం ఫాస్ఫేట్ గడ్డకట్టి సన్నటి గొట్టాల్లో ఇరుక్కుంటుంది, సర్వీస్ ఇంజనీర్‌ని పిలిపించాల్సి వస్తుంది.

నీళ్లు మిల్లీ-క్యూ యంత్రంవే వాడండి. బోరు నీళ్లలోని లవణాల సంగతి హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. డిస్టిల్డ్ వాటర్ అయిపోయిందని ఇరవై లీటర్ల మినరల్ వాటర్ క్యాన్ నుంచి పట్టుకోవడం మాత్రం అసలు వద్దు.

ముందురోజు పని

1. బఫర్ కలిపి, ఫిల్టర్ చేసి, గాలి తీసేసి పెట్టుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా యంత్రానికి తగిలించకండి. చల్లటి బఫర్‌లో ఎక్కువ గాలి కరిగి ఉంటుంది, వేడెక్కుతున్నకొద్దీ ఫ్లో సెల్‌లో బుడగలు వస్తాయి. మే నెలలో ఈ బాధ ఇంకా ఎక్కువ.

2. ఇడిసి సీసాని మైనస్ 20 నుంచి తీసి గది వేడికి వచ్చేదాకా మూత తీయకుండా ఉంచండి. వానాకాలంలో చల్లటి సీసా మూత తీస్తే లోపల తేమ పట్టేస్తుంది, తర్వాత అది సగం కూడా పనిచేయదు. 0.4 మోలార్ ఇడిసి, 0.1 మోలార్ ఎన్‌హెచ్‌ఎస్ విడివిడిగా కలిపి, ఒక్కసారికి సరిపడా చిన్న ట్యూబుల్లో పోసి గడ్డకట్టించండి. రెండింటినీ ఇంజెక్షన్‌కి ముందే కలపాలి.

3. ట్రిప్సిన్ బతికే ఉందో లేదో బాప్నాతో చూడండి. పసుపు రంగు రావాలి. ఈ పరీక్ష మానేసి చచ్చిన ఎంజైమ్‌తో రోజంతా యంత్రం ముందు కూర్చునేవాళ్లు చాలామంది ఉన్నారు.

వేరే క్యాంపస్‌లో స్లాట్ దొరికితే ట్రిప్సిన్‌ని పొడిగానే తీసుకెళ్లి అక్కడే కరిగించండి. ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్లినా, ద్రావణం ఐస్ మీద ఉన్నా, ట్రిప్సిన్ తన్ను తాను కోసుకోవడం పూర్తిగా ఆగదు.

చిప్ మీద జెలటిన్ ఎక్కించడం

4. యంత్రాన్ని 25 డిగ్రీల దగ్గర పెట్టి, బఫర్ పారిస్తూ బేస్‌లైన్ కుదురుకోనివ్వండి. నిమిషానికి 1 ఆర్‌యూ కంటే ఎక్కువ జారుతుంటే ఆగండి. నీటి వక్రీభవన గుణకం ఒక్క డిగ్రీ తేడాకి దాదాపు 100 ఆర్‌యూలంత మారుతుంది. యంత్రం లోపల వేడిని అదుపులో ఉంచుతుంది నిజమే, కానీ ఏసీ గాలి నేరుగా దాని మీద కొడుతుంటే ఆ అదుపు సరిపోదు. కరెంటు పోయినప్పుడు పంపు ఆగకుండా యూపీఎస్ ఉందో లేదో కూడా ముందే అడిగి తెలుసుకోండి.

5. జెలటిన్‌ని 40 నుంచి 50 డిగ్రీల నీళ్లలో కరిగించి, తర్వాత ఎసిటేట్ బఫర్‌లో మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాముల దాకా పలచన చేయండి. చిప్ మీది డెక్స్‌ట్రాన్‌కి రుణావేశం ఉంటుంది కాబట్టి ప్రొటీన్‌కి ధనావేశం ఉంటేనే దగ్గరికి వస్తుంది. టైప్ ఎ జెలటిన్ ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (మొత్తం ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) సుమారు 7 నుంచి 9 మధ్య ఉంటుంది, పీహెచ్ 5 దగ్గర దానికి బోలెడు ధనావేశం. టైప్ బి పాయింట్ 5 చుట్టుపక్కలే కాబట్టి అక్కడ లాగుడు ఉండదు. జెలటిన్‌కి బదులు కేసీన్ వాడతామంటే గుర్తుంచుకోండి, పీహెచ్ 4.6 దగ్గర అది పాలు విరిగినట్టు విరుగుతుంది.

6. ఇడిసి, ఎన్‌హెచ్‌ఎస్ సమానంగా కలిపి, నిమిషానికి 10 మైక్రోలీటర్ల వేగంతో 7 నిమిషాలు రెండు ఛానళ్లకీ పంపండి. తర్వాత బఫర్ పారుతున్నప్పుడు బేస్‌లైన్ 100 నుంచి 200 ఆర్‌యూలు పైకి జరిగి ఉండాలి. జరగలేదంటే ఇడిసి పాడైంది. అక్కడే ఆపేయండి.

7. జెలటిన్‌ని రెండో ఛానల్‌కి మాత్రమే పంపండి. ఒకేసారి కాకుండా నిమిషం చొప్పున పంపుతూ 500 నుంచి 1000 ఆర్‌యూల మధ్య ఆపండి. ఎక్కువ ఎక్కిస్తే సిగ్నల్ పెద్దదవుతుందని ఆశపడతారు. దట్టమైన పొర లోపలికి ఎంజైమ్ చేరలేదు, మీరు కొలిచేది రియాక్షన్ వేగం కాకుండా ఎంజైమ్ లోపలికి పాకే వేగం అవుతుంది.

8. రెండు ఛానళ్లకీ ఇథనాలమిన్ 7 నిమిషాలు. ఇది మానేస్తే మిగిలిన చురుకైన గుంపులకి మీ ట్రిప్సినే శాశ్వతంగా అతుక్కుపోతుంది. ఈ మెట్టు దాకా బఫర్లలో ట్రిస్, గ్లైసిన్ లాంటి ఎమైన్ ఉన్నవి ఉండకూడదు. ఉంటే జెలటిన్ బదులు అవే అతుక్కుంటాయి.

9. ఇప్పుడు 1 మోలార్ ఉప్పు నీళ్లు, ఆ తర్వాత 10 మిల్లీమోలార్ సోడియం హైడ్రాక్సైడ్, ఒక్కొక్కటి అర నిమిషం చొప్పున రెండు మూడుసార్లు పంపండి. ఊరికే ఆనుకుని ఉన్న జెలటిన్ ఇక్కడే ఊడిపోవాలి. ఊడనిస్తే తర్వాత గొడవ ఉండదు. ఈ మెట్టుని దాటేసినవాళ్ల గ్రాఫుల్లో "రియాక్షన్" అందంగా కనిపిస్తుంది, కానీ బఫర్ ఒక్కటి పంపినా అంతే అందంగా పడుతుంది. అందుకే ఎంజైమ్‌కి ముందు పది నిమిషాల పాటు ఖాళీ బఫర్ ఇంజెక్షన్ తప్పనిసరి. గీత చదునుగా ఉంటేనే ముందుకెళ్లండి.

ఎంజైమ్ పంపడం

10. ట్రిప్సిన్‌ని 1 మిల్లీమోలార్ ఆమ్లంలో మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము కరిగించి ఐస్ మీద పెట్టండి. అది సుమారు 43 మైక్రోమోలార్. అక్కడి నుంచి రన్నింగ్ బఫర్‌లోకి 5, 10, 25, 50, 100, 200 నానోమోలార్‌లకి పలచన చేయండి. పలచన చేసింది వెంటనే పంపాలి. పది ట్యూబులు ఒకేసారి కలిపి ట్రేలో పెడితే చివరిదాని వంతు వచ్చేసరికి ఎంజైమ్ పనితనం తగ్గి ఉండవచ్చు. ట్రేని చల్లబరిచే వీలుంటే వాడుకోండి.

కొన్ని ఎంజైములు 50 శాతం గ్లిసరాల్‌లో వస్తాయి. వాటిని నేరుగా పలచన చేసి పంపితే గ్లిసరాల్ వల్లే సిగ్నల్ గోడలా లేస్తుంది. చిన్న డీసాల్టింగ్ కాలమ్‌లో వేసి రన్నింగ్ బఫర్‌లోకి మార్చుకోండి. డీఎంఎస్ఓ కూడా అంతే, ఒక్క శాతం తేడాకి వెయ్యి ఆర్‌యూల పైనే జరుగుతుంది.

11. నిమిషానికి 30 మైక్రోలీటర్ల వేగంతో, ముందు ఖాళీ ఛానల్ మీదుగా, తర్వాత జెలటిన్ ఛానల్ మీదుగా 3 నుంచి 5 నిమిషాలు పంపండి. మొదట చిన్న ఎగుడు కనిపించవచ్చు. ఎంజైమ్ జెలటిన్‌ని పట్టుకోవడం వల్ల సిగ్నల్ పెరుగుతుంది, కోసిన ముక్కలు పోవడం వల్ల తగ్గుతుంది. తెర మీద కనిపించేది ఆ రెండింటి మొత్తం. ఇది మనసులో పెట్టుకోకుండా లెక్కలు కట్టొద్దు.

12. ఇంజెక్షన్ అయ్యాక ఐదు నిమిషాలు బఫర్ పారనివ్వండి. బేస్‌లైన్ మొదటికంటే కింద నిలబడిపోవాలి.

జెలటిన్ పూర్తిగా పోతుందని ఎదురుచూడకండి. ట్రిప్సిన్ లైసిన్, ఆర్జినిన్‌ల తర్వాత కోస్తుంది. మనం జెలటిన్‌ని చిప్‌కి అతికించింది లైసిన్ల ద్వారానే, అతుక్కున్న లైసిన్ దగ్గర కోత పడదు. దాని చుట్టూ ఉన్న ముక్క చిప్ మీదే మిగిలిపోతుంది. కాబట్టి సగంలో ఆగిన గీతని చూసి ఎంజైమ్ చచ్చిపోయిందని అనుకోనక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. యాంటీబాడీ ప్రయోగంలో లాగా ఇక్కడ చిప్‌ని మళ్లీ మామూలు స్థితికి తేలేం. కోసిన జెలటిన్ తిరిగి రాదు. ఒక్కో గాఢతకి ఒక్కో కొత్త ఛానల్ వాడాలి, లేదా ఒకే ఛానల్ మీద చాలా చిన్న ఇంజెక్షన్లు ఇచ్చి, ప్రతిసారీ మిగిలిన జెలటిన్‌తో భాగించాలి. మొదటిది ఖర్చు, రెండోది అనుమానాస్పదం. చేతిలో హిస్-ట్యాగ్ (హిస్టిడిన్ల తోక) ఉన్న సబ్‌స్ట్రేట్ ప్రొటీన్ (ఎంజైమ్ కోసేది) ఉంటే, ఆ తోకని నికెల్‌తో పట్టుకునే ఎన్‌టీఏ చిప్ వాడమని నా సలహా. 350 మిల్లీమోలార్ ఈడీటీఏతో మొత్తం కడిగేసి, నికెల్ వేసి, కొత్త సబ్‌స్ట్రేట్ ఎక్కించుకోవచ్చు, ప్రతి ఇంజెక్షన్ తాజా పొర మీదే జరుగుతుంది.

అది రియాక్షనే అని ఎలా నమ్మాలి

నా దగ్గరికి గ్రాఫ్ తెచ్చినవాళ్లని మొదట అడిగేది కంట్రోల్స్ గురించే. ట్రిప్సిన్‌ని రెండు మూడు రెట్ల మోల్స్ సోయాబీన్ ఇన్హిబిటర్‌తో పది నిమిషాలు కలిపి ఉంచి పంపండి. గీత పడకూడదు. పడిందంటే ఆ పడటం ట్రిప్సిన్ పని కాదు.

"ఎంజైమ్‌ని మరిగించి కంట్రోల్‌గా వాడాం" అని చాలామంది చెప్తారు. ట్రిప్సిన్ విషయంలో ఇది నమ్మదగింది కాదు. పలచని ఆమ్లంలో మరిగించిన ట్రిప్సిన్ చల్లారాక చాలావరకు తిరిగి ముడుచుకుని మళ్లీ పనిచేస్తుంది. అమెరికన్ శాస్త్రవేత్త జాన్ నార్త్‌రాప్ 1930ల్లోనే చూపించిన విషయం ఇది. మరిగించడంలో గడ్డకట్టిన ప్రొటీన్ గొట్టాల్లో ఇరుక్కునే ప్రమాదం వేరే.

ఇన్హిబిటర్ కంట్రోల్‌లో ఒక లోటుంది. అది ఎంజైమ్ కోసే చోటుని మూసేస్తుంది కాబట్టి ఎంజైమ్ జెలటిన్‌ని పట్టుకోవడమూ తగ్గుతుంది. పట్టుకోవడం ఎంతో విడిగా తెలియాలంటే, ట్రిప్సిన్‌ని పీఎంఎస్ఎఫ్‌తో చంపి, డీసాల్ట్ చేసి పంపండి. అది పట్టుకుంటుంది గానీ కోయదు. పీఎంఎస్ఎఫ్ విషం, గ్లౌజులు వేసుకోండి. పీహెచ్ 8 దగ్గర అది అరగంట కాస్త దాటేసరికి సగం నాశనమవుతుంది కాబట్టి అప్పటికప్పుడే కలపండి. డీసాల్ట్ చేశాక బాప్నాతో చూసి, పసుపు రంగు రావట్లేదని నిర్ధారించుకున్నాకే చిప్ మీదకి పంపండి.

తర్వాత వేగం పరీక్ష. ఒకే గాఢత ఎంజైమ్‌ని నిమిషానికి 10, 30, 75 మైక్రోలీటర్ల వేగాలతో, ఒకే మోతాదు జెలటిన్ ఉన్న ఛానళ్ల మీద పంపండి. మొదటి స్లోప్ మూడింటిలోనూ ఒకేలా ఉండాలి. ప్రవాహం పెంచితే స్లోప్ కూడా పెరుగుతోందంటే ఎంజైమ్ చిప్ దాకా చేరడమే ఆలస్యమవుతోందన్నమాట. జెలటిన్ తగ్గించి మళ్లీ చేయండి.

మొదట పంపిన గాఢతని రోజు చివర కొత్త ఛానల్ మీద మళ్లీ పంపడం మర్చిపోకండి. స్లోప్ బాగా తగ్గితే ట్రిప్సిన్ స్టాక్ పాతబడింది, మధ్యలో తీసిన డేటా అంతా అనుమానమే. గాఢతల్ని చిన్న నుంచి పెద్దకి వరుసగా కాకుండా కలగలిపి పంపితే ఈ తప్పు ముందే బయటపడుతుంది.

లెక్క కట్టడం

జెలటిన్ ఛానల్ సిగ్నల్‌లోంచి ఖాళీ ఛానల్ సిగ్నల్ తీసేయండి, దాంట్లోంచి ఖాళీ బఫర్ ఇంజెక్షన్ కూడా తీసేయండి. మొదటి కొన్ని సెకన్ల గెంతు వదిలేసి, ఆ తర్వాత తిన్నగా పడుతున్న భాగంలో స్లోప్ తీసుకోండి. దాన్ని మొదట ఎక్కించిన జెలటిన్ ఆర్‌యూలతో భాగిస్తే ఛానళ్ల మధ్య పోల్చడానికి వీలవుతుంది.

ఇక్కడ ఎంజైమ్ వేగం లెక్క కట్టే, పాఠ్యపుస్తకంలోని మైకేలిస్-మెంటెన్ సమీకరణాన్ని ఉన్నదున్నట్టు దించకండి. అందులో సబ్‌స్ట్రేట్ ఎక్కువ, ఎంజైమ్ తక్కువ. చిప్ మీద అంతా తిరగబడుతుంది: సబ్‌స్ట్రేట్ కదలదు, కొద్దిగానే ఉంటుంది, ఎంజైమ్ ఆగకుండా వస్తూనే ఉంటుంది. కాబట్టి అడ్డంగా ఎంజైమ్ గాఢత, నిలువుగా స్లోప్ గీయండి. చిప్ మీది చోట్లన్నీ ఎంజైమ్‌తో నిండిపోయాక స్లోప్ పెరగడం ఆగుతుంది. సగం స్లోప్ వచ్చే గాఢత మీకు కేఎం (ఆ సమీకరణంలో సగం వేగం వచ్చే సబ్‌స్ట్రేట్ గాఢత) లాంటి విలువనిస్తుంది. "లాంటి" అన్న మాట థీసిస్‌లోనూ ఉంచండి, ద్రావణంలో కొలిచిన కేఎంతో ఇది సరిగ్గా సరిపోవాలని లేదు.

ఎంజైమ్‌నే చిప్ మీద పెట్టాలనుకుంటే

మందుల కంపెనీల్లో పనిచేసేవాళ్లకి కావలసింది సాధారణంగా ఇదే: చిప్ మీద ఎంజైమ్, ప్రవాహంలో ఇన్హిబిటర్. ముందు కాగితం మీద లెక్క వేసుకోండి. ఇన్హిబిటర్ బరువుని ఎంజైమ్ బరువుతో భాగించి, ఎక్కించిన ఆర్‌యూలతో గుణిస్తే రాగల గరిష్ఠ సిగ్నల్ వస్తుంది. కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైమ్ 29,000 డాల్టన్లు, దాన్ని ఆపే మందు ఎసిటజోలమైడ్ 222. చిప్ మీద 5000 ఆర్‌యూలు ఉన్నా రాగలిగింది 38 మాత్రమే. నిజంగా 25 వస్తే ఎంజైమ్‌లో మూడింట రెండొంతులు పనిచేస్తోందని అర్థం. 100 వస్తే సంతోషించొద్దు, అది బైండింగ్ కాదు, బఫర్ తేడానో, కనిపించిన చోటల్లా అతుక్కోవడమో.

దిగిపోయే ముందు

ప్రొటీయేజ్ పని చేసిన యంత్రాన్ని మామూలుగా ఆపేసి వెళ్లకండి. గొట్టాల్లో మిగిలిన ట్రిప్సిన్ మర్నాడు వచ్చేవాళ్ల ప్రొటీన్‌ని తినేస్తుంది, వాళ్లకి కారణం ఎప్పటికీ తెలియదు. చిప్ తీసేసి, కడగడానికి ఉంచుకున్న పాత చిప్ పెట్టి, ముందు నీళ్లు, తర్వాత 0.5 శాతం ఎస్‌డీఎస్ (ఒక డిటర్జెంట్), తర్వాత పీహెచ్ 9.5 ఉన్న 50 మిల్లీమోలార్ గ్లైసిన్, మళ్లీ నీళ్లు పంపండి. మొదట నీళ్లు ఎందుకంటే, గొట్టాల్లో పొటాషియం ఉన్న బఫర్ మిగిలి ఉంటే ఎస్‌డీఎస్ దాంతో కలిసి తెల్లగా గడ్డకడుతుంది. లాగ్‌బుక్‌లో "ప్రొటీయేజ్ వాడాం, ఎస్‌డీఎస్, గ్లైసిన్‌తో కడిగాం" అని తేదీ, సమయంతో రాసి సంతకం పెట్టండి.